థండర్‌బర్డ్ రూపు, రంగులు మార్చుకోవడం: చీమకుర్తి నుంచి వచ్చిన ప్రశ్నకు జవాబు

చీమకుర్తిలో గ్రానైట్ పలకలు కోసి ఎగుమతి చేసే ఒక ఫ్యాక్టరీ ఆఫీసులో మెయిళ్లు చూసుకునే మిత్రులొకరు తమ ఇబ్బందులను వివరంగా రాశారు. మెయిళ్లు చూసే ప్రోగ్రాం థండర్‌బర్డ్ అప్‌డేట్ అయ్యాక ఉత్తరాల జాబితా వరుసలుగా కాకుండా చిన్న చిన్న పెట్టెలుగా కనబడుతోందనీ, తెలుగులో వచ్చే మెయిళ్ల అక్షరాలు మరీ చిన్నవై యజమాని చదవలేకపోతున్నారనీ, తెల్లటి తెర ముందు సాయంత్రం దాకా కూర్చుంటే కళ్లు మండుతున్నాయనీ అన్నారు. ఎగుమతులకు ఒకటి, స్థానిక అమ్మకాలకు ఒకటి చొప్పున రెండు మెయిల్ ఖాతాలు ఉన్నందున ఏ ఉత్తరం దేనిదో తికమక అవుతోందట. తెర మొత్తాన్ని లేత పసుపు రంగులోకి మార్చి, ముఖ్యమైన ఉత్తరాలకు రంగులు వేసుకునే మార్గం ఉందా అన్నది వారి ప్రశ్న.

ఉంది. వీటిలో దేనికీ బయటి యాడ్-ఆన్ అక్కర్లేదు. అయితే అడిగినవన్నీ అడిగిన తీరులోనే చేయమని నేను చెప్పను. ముఖ్యంగా ఉత్తరాల లోపలి రంగులను మార్చడం మీ వ్యాపారంలో నష్టం తెచ్చే పని. మెయిల్ ప్రోగ్రాం తెర మీద మూడు వేర్వేరు చోట్ల రంగు ఉంటుంది. ప్రోగ్రాం సొంత ముఖం ఒకటి, ఎదుటివారు రాసి పంపిన ఉత్తరం ఒకటి, ఆ ఉత్తరాల మీద మీరు వేసుకునే గుర్తులు ఒకటి. మొదటిదాన్ని మీ కంటికి నచ్చినట్టు మార్చుకోండి. రెండోదాన్ని వీలైనంతవరకు ముట్టుకోకండి. రంగుల మీద పెట్టే శ్రద్ధంతా మూడోదాని మీద పెట్టండి.

ముందుగా ‘హెల్ప్’ మెనూలోని ‘అబౌట్ థండర్‌బర్డ్’ తెరిచి మీ వెర్షన్ సంఖ్య చూసుకోండి. మెనూలు పైన కనబడకపోతే ఆల్ట్ మీట నొక్కితే వస్తాయి. ఈ పెట్టెల రూపం 2023 జూలైలో వచ్చిన 115వ వెర్షన్‌తో మొదలైంది. ఆ వెర్షన్‌కు సూపర్‌నోవా అని పేరు పెట్టి ముఖమంతా తిరగరాశారు. ఆ తరువాత 2024లో 128, 2025 జూలైలో 140 వచ్చాయి. నేను రాస్తున్నది 140ని దృష్టిలో పెట్టుకుని. మీది 115 అయితే ఖాతాల రంగులు, చీకటి రూపంలో ఉత్తరాన్ని సర్దే సదుపాయం అందులో ఉండవు కాబట్టి అప్‌డేట్ చేసుకోవడమే మేలు.

పెట్టెల సంగతి చిన్నదే. ఉత్తరాల జాబితా పైభాగంలో కుడిచివర ఉండే గుర్తును నొక్కితే ‘టేబుల్ వ్యూ’, ‘కార్డ్స్ వ్యూ’ అని రెండు కనబడతాయి. టేబుల్ వ్యూ ఎంచుకుంటే పాత వరుసలు తిరిగి వస్తాయి. రోజుకు పదుల సంఖ్యలో మెయిళ్లు వచ్చే ఆఫీసుకు ఇదే నప్పుతుందని నా అభిప్రాయం. పంపినవారు, విషయం, తేదీ వేర్వేరు నిలువు వరుసల్లో ఉండడం ఒక కారణం. అంతకన్నా ముఖ్యమైన కారణం రంగులకు సంబంధించినది, దాని దగ్గరికి తరువాత వస్తాను. ‘వ్యూ’ మెనూలోని ‘లేఅవుట్’ కింద క్లాసిక్, వైడ్, వర్టికల్ అని మూడు అమరికలున్నాయి. వెడల్పాటి మానిటర్ ఉంటే వర్టికల్, పాత చదరపు మానిటర్ అయితే క్లాసిక్ పెట్టుకోండి.

ఇక అక్షరాలు. పైన కుడిమూలన మూడు గీతల గుర్తు కింద ‘ఫాంట్ సైజ్’ పక్కన కూడిక, తీసివేత గుర్తులు ఉంటాయి. చాలామంది దీన్ని పెంచి, ఉత్తరం లోపలి అక్షరాలు పెరగలేదని విసుక్కుంటారు. అది పెంచేది ఫోల్డర్లు, జాబితా, మెనూల అక్షరాలనే. దాని దగ్గరే ‘డెన్సిటీ’ అని వరుసల మధ్య ఎడాన్ని నిర్ణయించే మూడు ఎంపికలున్నాయి. ఇంగ్లీషు మాత్రమే చదివేవారికి కాంపాక్ట్ బాగానే ఉంటుంది గానీ, తెలుగు విషయాలు వచ్చేచోట అది పనికిరాదు. మన లిపిలో గుడులు పైకి, ఒత్తులు కిందికి పోతాయి. ‘రాష్ట్ర’ అనే మాటలో ట ఒత్తూ ర ఒత్తూ రెండూ ఒకే అక్షరాన్ని అంటిపెట్టుకుని ఉంటాయి. ఎడం తగ్గిస్తే పై వరుస ఒత్తులూ కింది వరుస గుడులూ ఒకదానినొకటి ఒరుసుకుంటాయి. యజమాని చూసే కంప్యూటర్‌లో ‘రిలాక్స్‌డ్’ పెట్టండి.

ఉత్తరం లోపలి అక్షరాల కోసం ‘సెట్టింగ్స్’, ‘జనరల్’ పేజీలో కిందికి వెళ్లి ‘ఫాంట్స్’ ఉన్న భాగంలో ‘అడ్వాన్స్‌డ్’ నొక్కాలి. వచ్చే పెట్టెలో అన్నిటికన్నా పైన ‘ఫాంట్స్ ఫర్’ అని ఒక జాబితా ఉంటుంది. లిపికొక అమరిక అన్నమాట. అందులో తెలుగును ఎంచుకుని ప్రపోర్షనల్ సైజు 18 గానీ 20 గానీ పెట్టండి. అంతటితో ఆగకుండా అదే జాబితాలో ‘లాటిన్’కూ, ‘అదర్ రైటింగ్ సిస్టమ్స్’కూ కూడా అదే సైజు ఇవ్వండి. ఎందుకంటే ఇప్పుడు వచ్చే ఉత్తరాలన్నీ దాదాపుగా యూనికోడ్‌లోనే, అంటే అన్ని లిపులకూ ఉమ్మడిగా ఉండే సంకేతాల పద్ధతిలోనే ఉంటాయి. ఫలానా ఉత్తరం తెలుగుదని ప్రోగ్రాంకు విడిగా చెప్పే గుర్తు వాటిలో ఉండదు. అందువల్ల తెలుగు మెయిలైనా సైజును వేరే లిపి అమరికలోంచి తీసుకోవడం మామూలే. తెలుగుకు మాత్రమే సైజు మార్చి, ఏమీ మారలేదని వదిలేసేవారి సమస్య ఎక్కువగా ఇదే.

దీనికి అనుబంధంగా ఇంకొకటి. హెచ్‌టీఎంఎల్ (రంగులు, ఫాంట్లు పెట్టుకునే వీలున్న ఉత్తరం రూపం) లేకుండా ఒట్టి పాఠంగా వచ్చే ఉత్తరాలకు థండర్‌బర్డ్ మోనోస్పేస్ ఫాంటు, అంటే అక్షరాలన్నిటికీ ఒకే వెడల్పు ఉండే స్థిరవెడల్పు ఫాంటు వాడుతుంది. దాని సైజు మామూలుగా ప్రపోర్షనల్ సైజు కన్నా తక్కువే ఉంటుంది. కొన్ని మెయిళ్లు పెద్దగా, కొన్ని చిన్నగా కనబడడానికి కారణం ఈ తేడాయే. అదే పెట్టెలో అడుగున, ఒట్టి పాఠం ఉత్తరాలకు స్థిరవెడల్పు ఫాంటు వాడమనే చోట టిక్ తీసేస్తే రెండూ ఒకేలా వస్తాయి. ‘అలౌ మెసేజెస్ టు యూజ్ అదర్ ఫాంట్స్’ అన్న టిక్ కూడా తీసేస్తే ఎదుటివారు ఏ ఫాంటు పెట్టి పంపినా మీరు ఎంచుకున్న ఫాంటులోనే కనబడుతుంది. ఇందువల్ల రంగులు పోవు కాబట్టి యజమాని కంప్యూటర్‌లో ధైర్యంగా చేయవచ్చు.

ఏ ఫాంటు పెట్టాలంటే, విండోస్ 8 నుంచి నిర్మలా యూఐ సిస్టమ్‌తోనే వస్తోంది. తెర మీద చదవడానికి అది చాలు. పాత గౌతమి, వాణి ఫాంట్లు కావాలనుకుంటే విండోస్ 10, 11లలో ‘ఆప్షనల్ ఫీచర్స్’ నుంచి తెలుగు అదనపు ఫాంట్లను చేర్చుకోవాలి. ఒత్తులు మరికొంచెం స్పష్టంగా కావాలంటే నోటో సాన్స్ తెలుగు గానీ మండలి గానీ ఉచితంగా దొరుకుతాయి. రెండూ వేసి చూసి యజమానినే ఎంచుకోమనండి, చదివేది వారు కదా. ఒంగోలు, నెల్లూరు డీటీపీ సెంటర్లలో అను ఫాంట్లతో టైపు చేసిన పాఠాన్ని అలాగే మెయిల్‌లో అతికించి పంపేవారు ఇప్పటికీ ఉన్నారు. అది ఇంగ్లీషు అక్షరాల చెత్తలా కనబడితే సెట్టింగుల్లో వెతికి ప్రయోజనం లేదు. యూనికోడ్‌లోకి మార్చి గానీ పీడీఎఫ్‌గా గానీ పంపమని అడగడమొక్కటే దారి.

కళ్ల మంట విషయానికి వద్దాం. ‘యాడ్-ఆన్స్ అండ్ థీమ్స్’ పేజీలో ‘థీమ్స్’ కింద సిస్టమ్ థీమ్, లైట్, డార్క్ అని మూడు ముందే ఉంటాయి. డార్క్ పెడితే కళ్లకు హాయి అన్న మాట అందరూ అంటారు, కానీ అది గదిని బట్టి ఉంటుంది. మన జిల్లాలో రోహిణి కార్తె ఎండ కిటికీలోంచి నేరుగా పడే ఆఫీసులో నల్లటి తెర అద్దమైపోతుంది. మీ ముఖమూ వెనక గోడా అందులో కనబడుతూ, అక్షరాల కోసం కళ్లు మరింత చిట్లించాల్సి వస్తుంది. పగలు లైట్ థీమ్‌తో ఉండి, మానిటర్‌కు ఉన్న బటన్లతో వెలుగు తగ్గించి, తెరను కిటికీకి పక్కవాటుగా తిప్పండి. చాలామటుకు మంట అక్కడే తగ్గుతుంది. రాత్రి షిప్‌మెంట్ల కోసం మేలుకునే రోజుల్లో డార్క్ వాడండి. విండోస్ నైట్ లైట్ కూడా మంచిదే, కానీ అది తెర మొత్తాన్ని నారింజ వైపు లాగుతుంది కాబట్టి అది ఉన్నంతసేపూ ఎరుపు, నారింజ గుర్తుల మధ్య తేడా పలచబడుతుందని గుర్తుంచుకోండి.

ఇప్పుడు మీరు అడిగిన లేత పసుపు. ‘సెట్టింగ్స్’లో ఫాంట్ల దగ్గరే ఉన్న ‘కలర్స్’ బటన్ నొక్కి, నేపథ్యానికి ఎరుపు 255, ఆకుపచ్చ 248, నీలం 231 పాళ్లలో రంగు ఎంచుకుంటే పాత కాగితం లాంటి మంచి మీగడ రంగు వస్తుంది. తమ రంగులేమీ పెట్టకుండా వచ్చిన ఉత్తరాలన్నీ ఆ నేపథ్యం మీద కనబడతాయి. ఇంతవరకు ఏ ఇబ్బందీ లేదు. కానీ హెచ్‌టీఎంఎల్‌లో తెల్లటి నేపథ్యం పెట్టి వచ్చినవి తెల్లగానే ఉంటాయి. అప్పుడు అదే పెట్టెలో ఎదుటివారి రంగులను తోసిపుచ్చి ఎల్లప్పుడూ నా రంగులే చూపు అనే ఎంపిక కంటపడుతుంది. వెర్షన్‌ను బట్టి దాని పేరు కొంచెం మారుతుంది. అది మాత్రం పెట్టకండి.

కారణం మీ ఇన్‌బాక్స్‌లోనే ఉంది. పలకల కొనుగోలుదారు ప్యాకింగ్ లిస్టును తిరిగి పంపుతూ, ఒప్పుకోని పలకల వరుసలను ఎర్రటి గడులతో నింపుతాడు. ‘కింద నా అభిప్రాయాలు నీలం రంగులో ఉన్నాయి, చూడండి’ అని రాసి, మీ పాత ఉత్తరం మధ్యలోనే జవాబులు ఇరికిస్తాడు. బ్లాక్ గెలాక్సీ రకం గ్రానైట్ ఇరవై మిల్లీమీటర్ల పలకల్లో ఏవి మరకలున్నాయని పక్కన పెట్టాడో చెప్పేది ఆ రంగు ఒక్కటే, దాని పక్కన మాట ఉండదు. తోసిపుచ్చే ఎంపిక పెట్టిన కంప్యూటర్‌లో ఆ గడులన్నీ మీగడ రంగులోకి, ఆ జవాబులన్నీ మామూలు నల్ల అక్షరాల్లోకి మారిపోతాయి. పట్టిక చక్కగానే కనబడుతుంది, ఏదో పోయిందన్న అనుమానం కూడా రాదు. కంటెయినర్ సీలు వేశాక గానీ అది బయటపడదు. పంపినవారు రంగుతో చెప్పిన మాట వారిదే, దాన్ని మనం చెరపకూడదు.

డార్క్ థీమ్‌లోనూ ఇదే జాగ్రత్త కావాలి. 140 నుంచి డార్క్ థీమ్‌లో ఉన్నప్పుడు ఉత్తరం లోపలి పాఠాన్ని కూడా చీకటి రూపానికి తగినట్టు సర్ది చూపిస్తుంది. చదవడానికి హాయిగానే ఉంటుంది, కానీ సర్దడమంటే రంగు మార్చడమే. ఉత్తరం తలభాగంలో దాన్ని ఆపి అసలు రూపం చూపే బటన్ ఉంటుంది. పట్టికలు, కొటేషన్లు, ఫొటోల పక్కన గుర్తులు ఉన్న ఉత్తరాలను అది నొక్కి ఒకసారి అసలు రంగుల్లో చూడనిదే జవాబు రాయవద్దు.

మీ సొంత గుర్తుల విషయం ఇది. థండర్‌బర్డ్‌లో ‘ట్యాగులు’ ఐదు ముందే తయారుగా ఉంటాయి: ఇంపార్టెంట్, వర్క్, పర్సనల్, టు డూ, లేటర్. ఉత్తరాన్ని ఎంచుకుని 1 నుంచి 5 వరకు అంకె మీట నొక్కితే ఆ ట్యాగు పడుతుంది, 0 నొక్కితే అన్నీ పోతాయి. కానీ ఎగుమతి ఆఫీసులో అన్నీ వర్కే, అన్నీ ఇంపార్టెంటే. కాబట్టి ‘సెట్టింగ్స్’, ‘జనరల్’ పేజీలోని ట్యాగుల జాబితాలో వాటి పేర్లు మార్చుకోండి, తెలుగులోనే పెట్టుకోవచ్చు. పేరు ఉత్తరం ఎవరిదో చెప్పేదిగా కాకుండా దానితో మీరు చేయాల్సిన పని చెప్పేదిగా ఉండాలి. ‘డబ్బు రావాలి’, ‘కాగితాలు పంపాలి’, ‘యజమాని సంతకం’, ‘పలకలు మళ్లీ చూడాలి’ అన్న నాలుగు మీకు సరిపోతాయని నా అంచనా. పని అయిపోగానే ట్యాగు తీసేయాలి. తీసేయకపోతే పది రోజుల్లో జాబితా అంతా సంక్రాంతి ముగ్గయిపోయి ఏ రంగుకూ అర్థం మిగలదు.

టేబుల్ వ్యూ పెట్టమన్న అసలు కారణం ఇక్కడుంది. అందులో ట్యాగు వేసిన ఉత్తరం వరుస మొత్తం ఆ రంగు అక్షరాల్లోకి మారుతుంది, దూరం నుంచి కూడా కనబడుతుంది. కార్డ్స్ వ్యూలో చిన్న ట్యాగు గుర్తు మాత్రమే పడుతుంది. ఒక ఉత్తరానికి రెండు మూడు ట్యాగులు వేస్తే వరుసకు వచ్చేది ఒక్క రంగే కాబట్టి, ఒకదానికి ఒకటే వేయడం అలవాటు చేసుకోండి.

రంగుల ఎంపికలో అందం కన్నా స్పష్టత చూడాలి. తెర మీద మామూలు సైజు అక్షరానికీ నేపథ్యానికీ మధ్య వెలుగు తేడా కనీసం 4.5కు 1 ఉండాలని వరల్డ్ వైడ్ వెబ్ కన్సార్షియం ప్రమాణం. వర్క్ ట్యాగుకు ముందే ఉండే నారింజ తెలుపు మీద 2కు 1 చిల్లర మాత్రమే వస్తుంది. యజమాని వయసు కళ్లకు ఆ వరుస చెరిగిపోయినట్టే ఉంటుంది. దాని బదులు ఎరుపు 184, ఆకుపచ్చ 84, నీలం 0 పాళ్లలో ముదురు నారింజ పెట్టుకుంటే ప్రమాణాన్ని దాటుతుంది. ముదురు నీలం, ఊదా తెలుపు మీద బాగా కనబడతాయి గానీ నలుపు మీద మునిగిపోతాయి. అందుకే థీమ్ ఏదో ముందు తేల్చుకుని, ఆ తరువాతే ట్యాగుల రంగులు పెట్టాలి. మగవారిలో కొందరికి పుట్టుకతోనే ఎరుపు, ఆకుపచ్చ వేరుగా కనబడవు. ఆఫీసులో అలాంటివారు ఉంటే ఆ రెండిటినీ ఎదురెదురు అర్థాలకు వాడకండి.

ట్యాగులు చేత్తోనే వేయనక్కర లేదు. ‘టూల్స్’ మెనూలో ‘మెసేజ్ ఫిల్టర్స్’ తెరిచి, చెన్నైలోని సీహెచ్‌ఏ (మీ తరఫున కస్టమ్స్ పనులు చూసే ఏజెంటు) చిరునామా నుంచి వచ్చి, విషయంలో షిప్పింగ్ బిల్లు అన్న మాట ఉంటే ‘కాగితాలు పంపాలి’ ట్యాగు వేయమని రాసిపెట్టవచ్చు. ఫిల్టర్లు ఖాతాకొకటిగా ఉంటాయి, కాబట్టి పైన సరైన ఖాతా ఎంచుకున్నారో లేదో చూడండి. పాత ఉత్తరాలకు కూడా కావాలంటే ఫోల్డర్ ఎంచుకుని ‘రన్ నౌ’ నొక్కాలి. డబ్బుకు సంబంధించిన ట్యాగును మాత్రం ఫిల్టర్‌కు వదలకుండా చేత్తోనే వేయండి. బ్యాంకు ఖాతా నంబరు మారిందని చెప్పే మోసపు మెయిళ్లు ఎగుమతిదారులకు తరచుగా వస్తుంటాయి. అటువంటిది మీ సొంత రంగు పులుముకుని నమ్మకంగా కనబడడం మంచిది కాదు.

రెండు ఖాతాల తికమకకు, ‘అకౌంట్ సెట్టింగ్స్’లో ఒక్కొక్క ఖాతాకు ఒక రంగు ఇవ్వండి. ఎగుమతులకు నీలం, స్థానిక అమ్మకాలకు గోధుమ రంగు అనుకుందాం. ఆ రంగు ఎడమవైపు ఖాతా గుర్తు మీదే కాక, కొత్త ఉత్తరం రాసేటప్పుడు ‘ఫ్రమ్’ దగ్గర కూడా కనబడుతుంది. తప్పు ఖాతా నుంచి ధరల పట్టిక వెళ్లిపోకుండా ఆపేది అదే. ఫోల్డర్ల మీద కుడి మీట నొక్కి ‘ప్రాపర్టీస్’లో గుర్తు రంగు మార్చుకోవచ్చు. ప్రతి ఫోల్డర్‌కూ వేయకుండా, రోజూ తెరిచే రెండిటికి వేస్తే చాలు.

మీ తెర రంగులు మీరు పంపే ఉత్తరాల్లోకి పోతాయేమోనన్న భయం అక్కర్లేదు. థీమ్, ట్యాగులు, ఖాతా రంగులు ఏవీ ఎదుటివారికి కనబడవు. పోయేది ‘సెట్టింగ్స్’, ‘కంపోజిషన్’ పేజీలోని హెచ్‌టీఎంఎల్ స్టైల్ రంగులొక్కటే. అక్కడ ‘యూజ్ రీడర్స్ డిఫాల్ట్ కలర్స్’ దగ్గర టిక్ అలాగే ఉంచండి.

యూజర్‌క్రోమ్ అనే స్టైల్ ఫైలు రాసి తెరలోని ప్రతి భాగం రంగూ మార్చే పద్ధతి గురించి మీరు ఎక్కడైనా చదివి ఉండవచ్చు. అది నిజంగానే పనిచేస్తుంది. ‘కాన్ఫిగ్ ఎడిటర్’లో ఒక అమరికను ఆన్ చేసి, ప్రొఫైల్ ఫోల్డర్‌లో (మీ మెయిళ్లు, అమరికలు దాచుకునే చోటు) ‘క్రోమ్’ అనే ఫోల్డర్ లోపల ఆ ఫైలు పెట్టాలి. కానీ ప్రోగ్రాం లోపలి భాగాల పేర్లు పెద్ద వెర్షన్లలో మారుతుంటాయి. 115 వచ్చినప్పుడు అంతకుముందు రాసుకున్న అలాంటి ఫైళ్లు చాలావరకు పనికిరాకుండా పోయాయి. నడిచే ఆఫీసులో ఆ బెడద నెత్తికెత్తుకోవద్దు.

చివరగా, యజమాని కంప్యూటర్‌లోనూ ఇదే ఏర్పాటు కావాలంటే ఒక సంగతి తెలియాలి. ఖాతా ఐమ్యాప్ (ఉత్తరాలు సర్వర్ మీదే ఉండే పద్ధతి) అయి, సర్వర్ అనుమతిస్తే, ఉత్తరానికి ట్యాగు వేసిన సంగతి సర్వర్ మీద నమోదవుతుంది, అవతలి థండర్‌బర్డ్‌కూ తెలుస్తుంది. కానీ ఆ ట్యాగు పేరూ రంగూ ఏ కంప్యూటర్‌కు ఆ కంప్యూటర్‌లోనే ఉంటాయి. మీరు మొదటి ట్యాగుకు ‘డబ్బు రావాలి’ అని పేరు మార్చినా, అక్కడ పాత ఇంపార్టెంట్ పేరుతోనే ఎర్రగా కనబడుతుంది. అందువల్ల కొత్తవి చేర్చకుండా ఉన్న ఐదిటి పేర్లే, రెండు చోట్లా అదే వరుసలో మార్చండి. అన్నీ కుదిరాక ‘హెల్ప్’ మెనూలో ‘ట్రబుల్‌షూటింగ్ ఇన్ఫర్మేషన్’ తెరిచి, ‘ప్రొఫైల్ ఫోల్డర్’ పక్కనున్న బటన్‌తో ఆ ఫోల్డర్‌ను కనుక్కుని, థండర్‌బర్డ్‌ను పూర్తిగా మూసేసి, దాని నకలు ఒకటి పెన్‌డ్రైవ్‌లోకి తీసుకోండి. పాస్‌వర్డులు కూడా అందులోనే ఉంటాయి కాబట్టి ఆ పెన్‌డ్రైవ్‌ను బీరువాలో పెట్టి తాళం వేయండి.